జర్మనీలో సీటు వచ్చింది, ఉండడానికి గది లేదు: హాస్టల్ ఖర్చుల గురించి తెలిసినవారు చెప్పండి

తోటపాలెం తండ్రి, విజయనగరం
2025 జూన్ 28, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అబ్బాయి మెకానికల్ ఇంజినీరింగ్ ముగించాడు. జర్మనీలో మాస్టర్స్ చదవడానికి రెండు విశ్వవిద్యాలయాల నుంచి ప్రవేశ పత్రాలు వచ్చాయి. ఒకటి స్టుట్‌గార్ట్‌లో, ఇంకొకటి మాగ్డెబుర్గ్‌లో. అక్టోబరులో తరగతులు మొదలవుతాయి. ఉత్తరం వచ్చిన రోజునే పైడితల్లమ్మ గుడికి వెళ్ళి మొక్కు చెల్లించి వచ్చాం. వాడికి స్టుట్‌గార్ట్ మీద మనసు. కార్ల పరిశ్రమ అక్కడ ఉందంటాడు.

ఆ తర్వాత తెలిసింది, సీటు ఇచ్చినవాళ్ళు గది ఇవ్వరని. నేను చదువుకున్న రోజుల్లో సీటు వచ్చిందంటే హాస్టల్లో మంచం కూడా వచ్చినట్టే. మెస్ బిల్లు నెలాఖరుకు కట్టేవాళ్ళం, అంతే. వీసా పనులు చూస్తున్న కన్సల్టెన్సీ వారు మాత్రం గది తామే ఖాయం చేస్తామనీ, అందుకు విడిగా 60,000 రూపాయలు కట్టాలనీ అంటున్నారు. అది అద్దెలోకి పోదు, అడ్వాన్సులోకీ పోదు. తిరిగి కూడా రాదు. అయిదో తేదీలోగా కట్టమని రోజూ ఫోను చేస్తున్నారు.

నేను ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. ఇంకో నాలుగేళ్ళలో పదవీ విరమణ. ఫీజు లెక్క వేసుకున్నాను, విమానం టికెట్టు వేసుకున్నాను. అద్దె ఎంత వేసుకోవాలో తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశాను. అక్కడ ఉన్నవాళ్ళు, పిల్లల్ని పంపినవాళ్ళు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

బొబ్బిలి వీణ, ప్రస్తుతం మాగ్డెబుర్గ్
జూన్ 28, రాత్రి 11:55

బాబాయి గారూ, ఆ 60,000 కట్టకండి. మిగతా సంగతులు నెమ్మదిగా మాట్లాడుకుందాం, ముందు ఈ ఒక్క మాట వినండి.

జర్మనీలో విద్యార్థుల వసతి గృహాల్లో ఎక్కువ భాగం విశ్వవిద్యాలయాలు నడిపేవి కావు. స్టుడీరెండెన్‌వెర్క్ అనే విద్యార్థి సేవా సంస్థలు నడుపుతాయి. దేశం మొత్తం మీద ఇవి 57 ఉన్నాయి. విశ్వవిద్యాలయం క్యాంటీన్లు కూడా వీళ్ళవే. ఏ ఊరికి సీటు వస్తే ఆ ఊరి సంస్థ వెబ్‌సైటులో విద్యార్థి తన పేరుతో దరఖాస్తు పెట్టుకుంటాడు. పేరు జాబితాలో చేరుతుంది, వంతు వచ్చినప్పుడు గది వస్తుంది. ఈ వరుసలో ఎవరినీ ముందుకు జరిపే అధికారం ఏజెంటుకు లేదు. మీ అబ్బాయి నింపగలిగే ఫారాన్నే వాళ్ళూ నింపుతారు. పావుగంట పని. ఖాయంగా ఇస్తామంటున్నారంటే బహుశా ఏదో ప్రైవేటు వసతి గృహం చూపిస్తారు. అక్కడ అద్దె చాలా ఎక్కువ ఉంటుంది.

రెండు ఊళ్ళకూ ఈ రాత్రే దరఖాస్తు పెట్టించండి. చాలా చోట్ల ప్రవేశ పత్రం రాకముందే తీసుకుంటారు, మీకు పత్రం వచ్చి కూడా పెట్టలేదంటే కొన్ని వారాలు పోయినట్టే. ఇంకొకటి. కొన్ని సంస్థలు మధ్య మధ్య మెయిలు పంపి "మీకు గది ఇంకా కావాలా" అని అడుగుతాయి. గడువులోగా జవాబివ్వకపోతే పేరు తీసేస్తారు. నా స్నేహితురాలి పేరు అలాగే పోయింది. మెయిలు జర్మన్ భాషలో ఉంటే ప్రకటన అనుకుని తెరవలేదు. పాపం, నాలుగు నెలలు ఎదురుచూసిన వంతు.

నా గదికి నెలకు 285 యూరోలు. కరెంటు, నీళ్ళు, చలికాలంలో గది వెచ్చబెట్టే ఖర్చు, ఇంటర్నెట్ అన్నీ అందులోనే. వంటగది నలుగురికీ కలిపి ఒకటి. ఫ్రిజ్‌లో ఒక అర నాది. స్టుట్‌గార్ట్‌లో చేరిన మా బ్యాచి అబ్బాయికి మాత్రం బయట 550 యూరోలకు తక్కువలో గది దొరకలేదు.

పాత లెడ్జరు, శ్రీకాకుళం
జూన్ 29, ఉదయం 6:20

తమ్ముడూ, నేను బ్యాంకులో ముప్పై రెండేళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చివరి పదేళ్ళూ విద్యా రుణాలే చూశాను. తండ్రులు ఫీజు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేవారు. "అబ్బాయి ఎక్కడ ఉంటాడు?" అని అడిగితే ఎక్కువమంది దగ్గర జవాబు ఉండేది కాదు.

మీరు రుణం తీసుకుంటుంటే మంజూరు పత్రంలో జీవన వ్యయం పద్దు విడిగా ఉందో లేదో చూడండి. హాస్టల్ ఖర్చుకు బ్యాంకులు రుణం ఇస్తాయి. బయట గది తీసుకున్నా సబబైన అద్దె వరకు ఒప్పుకుంటాయి. అయితే అడగాలి. అడగకపోతే ఫీజు వరకే రాసేసి చేతులు దులుపుకునే శాఖలు ఉన్నాయి. తర్వాత పెంచమని తిరగడం కష్టం.

జర్మనీ వీసాకు మామూలుగా నిలుపుదల ఖాతా (బ్లాక్డ్ అకౌంట్, అంటే జీవన వ్యయం ముందే జమచేసి ఉంచే ఖాతా) చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు. యూరోకు 100 రూపాయలు వేసుకుంటే సుమారు 12 లక్షలు. మొత్తం ముందే జమచేయాలి. అక్కడికి వెళ్ళాక నెలకు 992 యూరోల చొప్పున వదులుతారు. విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటితే ఆ పైమొత్తం మీద టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పడుతుంది. ఈ ఏప్రిల్ నుంచి పరిమితి 7 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యా రుణంతో పంపితే టీసీఎస్ అసలు ఉండదు. సొంత డబ్బుతో పంపి కట్టవలసి వచ్చినా, రిటర్నులో చూపిస్తే మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. ఆ కాగితం పారేయకండి.

తోటపాలెం తండ్రి
జూన్ 29, ఉదయం 8:05

ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం. రాత్రి వాడిని లేపి రెండు దరఖాస్తులూ పెట్టించాను. నిజంగానే పావుగంట పట్టింది. స్టుట్‌గార్ట్ వాళ్ళ జవాబులో నిరీక్షణ చాలా కాలం ఉండవచ్చని రాశారు.

అమ్మా వీణా, 992 యూరోల్లో నెల గడుస్తుందా? ఆ లెక్క కొంచెం విడమరచి చెబుతావా?

బొబ్బిలి వీణ
జూన్ 29, మధ్యాహ్నం 1:30

చెబుతాను బాబాయి గారూ. 992లో ఆరోగ్య బీమాకు సుమారు 145 పోతుంది. ముప్పై ఏళ్ళ లోపు విద్యార్థులకు ప్రభుత్వ బీమా ధర అంత ఉంటుంది, దాన్ని తప్పించుకోవడం కుదరదు. మాగ్డెబుర్గ్‌లో నా అద్దె 285 తీసేస్తే 562 మిగులుతాయి. తిండి, ఫోను, పుస్తకాలు, అప్పుడప్పుడు రైలు ప్రయాణం అన్నీ పోగా నెలకు వంద దాచుకోగలుగుతున్నాను. స్టుట్‌గార్ట్‌లో 550 అద్దె అయితే మిగిలేది 297.

ఆ పైన ఇంకొకటి ఉంది. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టరుకు 1,500 యూరోల ఫీజు తీసుకుంటుంది. 2017 నుంచీ ఉంది. ఏడాదికి 3,000, అంటే నెలకు 250. ఇది కూడా ఆ 992లోనే సర్దుకోవాలంటే చేతిలో 47 యూరోలు మిగులుతాయి. కాబట్టి ఆ ఊరికి పంపితే ఫీజు మీరు విడిగా సర్దాలి. మాగ్డెబుర్గ్ ఉన్న రాష్ట్రంలో ఈ ఫీజు లేదు, సెమిస్టరు చందా మాత్రమే కట్టాలి.

అద్దె ప్రకటనలు చదివేటప్పుడు రెండు మాటలు గుర్తుంచుకోమనండి. "కాల్ట్‌మీటె" అంటే ఉత్త గోడల అద్దె. "వార్మ్‌మీటె" అంటే నీళ్ళు, గది వెచ్చదనం వంటివి కలిపిన అద్దె. మొదటిది చూసి చవక అని సంబరపడితే రెండోది వచ్చేసరికి వంద, నూటయాభై పెరుగుతుంది. బయటి ఇళ్ళలో చాలావాటికి మంచం, బల్ల ఉండవు. కొన్నింట్లో వంటగదిలో పొయ్యి, సింకు కూడా ఉండవు. పాత అద్దెదారు విప్పుకుని తీసుకుపోతాడు. మొదటిసారి చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు.

డిపాజిట్ చట్టప్రకారం మూడు నెలల కాల్ట్‌మీటెకు మించకూడదు. దాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా అద్దెదారుకు ఉంది. ఇది చాలామందికి తెలియదు.

పొందూరు నేత
జూన్ 29, రాత్రి 10:15

రాయాలా వద్దా అని సాయంత్రం నుంచి ఆలోచించాను. రాస్తే ఒక్కరైనా జాగ్రత్తపడతారని రాస్తున్నాను.

మా తమ్ముడు నిరుడు మ్యూనిక్ వెళ్ళాడు. వెళ్ళడానికి నెల ముందు ఇంటర్నెట్లో ఒక ప్రకటన కనబడింది. ఊరి మధ్యలో సామానుతో సహా చిన్న ఫ్లాటు, 400 యూరోలు. ఫొటోలు చాలా బాగున్నాయి. ఇంటి యజమాని తాను వేరే దేశంలో ఉద్యోగం చేస్తున్నాననీ, ఇల్లు చూపించడానికి రాలేననీ, డిపాజిట్ పంపితే తాళంచెవి కొరియర్లో వస్తుందనీ రాశాడు. నమ్మకం కలగడానికి పాస్‌పోర్టు కాపీ కూడా పంపాడు. ఒప్పందం కాగితం పంపాడు. మేము 1,200 యూరోలు పంపాం. అమ్మ నేసిన ఖాదీ చీరల మీద దాచిన డబ్బు అది. తాళంచెవి రాలేదు. ఆ పాస్‌పోర్టు కూడా వేరెవరిదో, అంతకుముందు ఆ వ్యక్తి చేతిలోనే మోసపోయిన ఇంకొకరిది కావచ్చని తర్వాత తెలిసింది.

సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేశాం, ఫిర్యాదు నమోదు చేశారు. దేశం దాటిన డబ్బు మళ్ళీ రాలేదు. తమ్ముడు మొదటి మూడు వారాలూ హాస్టల్ పేరుతో నడిచే యాత్రికుల వసతిలో, ఎనిమిది మంచాల గదిలో పడుకుని క్లాసులకు వెళ్ళాడు. మాతో ఫోనులో మాట్లాడినప్పుడల్లా బాగానే ఉందని చెప్పేవాడు. ఈ సంగతి మాకు ఆరు నెలల తర్వాత చెప్పాడు.

ఇల్లు చూడకుండా, చూసి చెప్పే మనిషి లేకుండా ఒక్క యూరో పంపకండి. ఊరి ధరకంటే బాగా చవగ్గా ఉంటే అక్కడే ఆగిపోండి.

నాగావళి ఒడ్డు, శ్రీకాకుళం
జూన్ 30, ఉదయం 10:40

నేత గారూ, మీ పోస్టు చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. పిల్లలు బాగానే ఉన్నామని అంటే మనం నమ్మేస్తాం.

తోటపాలెం అన్నయ్య గారూ, మా అమ్మాయి ఇంగ్లండులో షెఫీల్డ్‌లో చదువుతోంది. మీది జర్మనీ అయినా ఇక్కడ చదివేవాళ్ళలో బ్రిటన్‌కు పంపేవారూ ఉంటారని రాస్తున్నాను. అక్కడ అద్దె వారానికి ఇంత అని చెబుతారు. వారానికి 145 పౌండ్లు అంటే మేము నాలుగుతో హెచ్చించి 580 అనుకున్నాం. ఏడాదికి 52 వారాలు, పన్నెండు నెలలతో భాగిస్తే నెలకు 628 పైన పడుతుంది. ఏడాది మొత్తం మీద దాదాపు 580 పౌండ్ల తేడా, అంటే మేము ఒక నెల అద్దె మరిచిపోయాం! ఒప్పందం ఎన్ని వారాలకో కూడా చూడాలి. కొన్ని 44 వారాలకు, మాస్టర్స్ వాళ్ళకు ఎక్కువగా 51 వారాలకు ఉంటాయి.

వీసాకు చూపించవలసిన ఖర్చులు 2025 జనవరిలో వచ్చిన లెక్క ప్రకారం లండన్‌లో అయితే నెలకు 1,483 పౌండ్లు, బయట 1,136. తొమ్మిది నెలలకు చూపాలి. ఆ మొత్తం వరుసగా 28 రోజులు ఖాతాలో నిలవాలి. మాకు ఇరవయ్యో రోజున ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చి కొంత తీయవలసి వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాం.

మంచి విషయాలూ ఉన్నాయి. ఇంగ్లండులో బయటి ఇల్లు తీసుకుంటే డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించి అడగకూడదు. దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో వేయాలి. ఇంట్లో అందరూ పూర్తికాలం విద్యార్థులే అయితే కౌన్సిల్ పన్ను (స్థానిక సంస్థకు కట్టే ఇంటి పన్ను) ఉండదు. మా అమ్మాయి ఇంటికి ఆ పన్ను నోటీసు వస్తే విశ్వవిద్యాలయం నుంచి ధ్రువపత్రం తీసుకుని పంపింది, రద్దు చేశారు.

ఆ దేశంలో ఉండే హామీదారు కావాలన్నారు. మాకు ఎవరున్నారు? హామీదారు లేకపోతే ఆరు నెలల అద్దె ఒకేసారి కట్టమన్నారు. నా గాజులు అప్పుడే బ్యాంకుకు వెళ్ళాయి. ఇంకా అక్కడే ఉన్నాయి.

రాజాం రహదారి, ప్రస్తుతం టెక్సాస్
జూన్ 30, రాత్రి 8:30

ఇది చదువుతుంటే భయపెడుతున్నట్టు అనిపిస్తోంది. నేను గది లేకుండానే అమెరికా వచ్చాను. విమానాశ్రయానికి మనవాళ్ళే వచ్చారు. రెండు పడకగదుల ఇంట్లో అయిదుగురం ఉన్నాం, నాది హాల్లో పరుపు. నాలుగు నెలలు అలా గడిపాను. నా వాటా నెలకు 310 డాలర్లు పడింది. ఇప్పుడు సొంత గదిలో ఉన్నాను. కుర్రవాళ్ళు సర్దుకుంటారు. గది కోసం మంచి విశ్వవిద్యాలయాన్ని వదులుకోవడం నాకు సరైనదిగా అనిపించదు. బాబాయి గారూ, మీ అబ్బాయి మనసు స్టుట్‌గార్ట్ మీద ఉంటే పంపండి.

బొబ్బిలి వీణ
జూన్ 30, రాత్రి 11:10

అన్నయ్యా, మీరు పడ్డ కష్టం మీద గౌరవం ఉంది. కానీ జర్మనీలో అలా కుదరదు. ఇల్లు చేరిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. స్నేహితుడి హాల్లో పరుపు వేసుకున్నవాడికి ఆ సంతకం ఎవరు పెడతారు? నమోదు లేకపోతే పన్ను సంఖ్య రాదు, దాంతో పార్ట్‌టైము పని ఇబ్బంది. నివాస అనుమతి పొడిగింపు కూడా దాని మీదే ఆధారపడుతుంది.

డబ్బు సంగతి ఇంకొకటి ఉంది. అక్కడికి వెళ్ళి బ్యాంకు ఖాతా తెరిచి, కాగితాలన్నీ చూపించాకనే నిలుపుదల ఖాతా నుంచి మొదటి 992 వస్తుంది. నాకు అయిదు వారాలు పట్టింది. అంతవరకు అద్దె, డిపాజిట్, తిండి అన్నీ చేతి డబ్బుతోనే. బాబాయి గారూ, కార్డులో కనీసం రెండు నెలల ఖర్చు వేసి పంపండి.

అరసవల్లి ఎండ
జూలై 1, ఉదయం 7:00

రాజాం తమ్ముడూ, నువ్వు సర్దుకున్నావు, బాగుంది. అదే హాల్లో ఆడపిల్ల అయితే? మా చెల్లెలి కూతురు అలాంటి ఇంట్లోనే ఉండి, చదువుకోవడానికి చోటు లేక రాత్రి పదకొండు వరకు గ్రంథాలయంలో కూర్చుని, చీకట్లో ఒంటరిగా నడిచి వచ్చేది. సర్దుకోవడం అందరికీ ఒకేలా ఉండదు.

రాజాం రహదారి
జూలై 1, ఉదయం 9:15

అక్కా, మీరన్నది నిజం. అది నేను ఆలోచించలేదు. నా పోస్టు వెనక్కి తీసుకోను గానీ, అందులో రాయనిది ఇప్పుడు రాస్తాను.

ఆ ఇంటి లీజు పన్నెండు నెలలది. అయిదుగురం ఉన్నాం గానీ కాగితం మీద ఇద్దరి పేర్లే. ఆ ఇద్దరిలో ఒకడికి వేరే రాష్ట్రంలో ఇంటర్న్‌షిప్ వచ్చి వెళ్ళిపోయాడు. అక్కడి లీజుల్లో సాధారణంగా సంతకం చేసిన ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకు బాధ్యులే. వాటా మేరకు బాధ్యత అని అనుకుంటాం, కాగితం అలా చెప్పదు. మిగిలినవాడు రెండు నెలలు మొత్తం కట్టుకున్నాడు. మేము ముగ్గురం ఇవ్వగలిగినంత ఇచ్చాం. ఇంట్లో ఎక్కువమంది ఉన్నారని తెలిస్తే ఖాళీ చేయిస్తారన్న భయం ఎప్పుడూ ఉండేది. ఆఫీసువాళ్ళు తలుపు కొడితే ముగ్గురం స్నానాల గదిలోకి వెళ్ళేవాళ్ళం.

అమెరికా వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. లీజులో నీ పేరు ఉండాలి. వేసవిలో ఇంటికి వచ్చినా ఆ నెలల అద్దె కట్టాలి. గది ఇంకొకరికి ఇవ్వాలంటే యజమాని రాతపూర్వక అనుమతి ఉండాలి. క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలే, దాంతో అద్దె మొత్తం వస్తుందని లెక్కవేసుకోవద్దు.

గంటస్తంభం, విజయనగరం
జూలై 2, సాయంత్రం 5:30

నేను రిటైరైన తెలుగు మాస్టారిని. ఈ దేశాల నియమాలు నాకు తెలియవు. మన ఊరి సంగతి ఒకటి చెబుతాను.

మా తాతగారు చీపురుపల్లి దగ్గరి పల్లె నుంచి విజయనగరం వచ్చి మహారాజా కళాశాలలో చదివారు. వారాలు చేసుకుని చదివారు. సోమవారం ఒక ఇంట్లో భోజనం, మంగళవారం ఇంకో ఇంట్లో. ఏడు రోజులకు ఏడు ఇళ్ళు దొరికితే ఆ పిల్లవాడి చదువు సాగినట్టే. ఆరు దొరికితే ఒకరోజు పస్తు. పడక ఎవరి వీధి అరుగు మీదో. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు సంగీతం నేర్చుకోవడానికి ఈ ఊరు వచ్చి, జోలె పట్టి మధూకరం చేసుకున్నారని అందరికీ తెలుసు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయనకు పాఠంతో పాటు నీడ కూడా ఇచ్చారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టిన తర్వాత ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చారంటే, కళాశాల ఒక్కటే కారణం కాదు. అన్నం పెట్టే ఇళ్ళు ఉన్నాయన్న నమ్మకం కూడా ఉంది.

మా తాతగారు చెప్పేవారు, వారం ఇచ్చిన ఇంటికి చదువైపోయాక వెళ్ళి నమస్కరించి వచ్చేవారట. పరాయి దేశంలో మన పిల్లలకు అలాంటి ఇళ్ళు ఏవి? ఎవరైనా ఉంటే ఇక్కడ చెప్పండి.

పాత లెడ్జరు
జూలై 2, రాత్రి 7:50

మాస్టారూ, మా నాన్నగారిదీ అదే కథ. అరుగు మీద దీపం పెట్టుకుని చదివారు.

అరసవల్లి ఎండ
జూలై 3, మధ్యాహ్నం 12:20

మాస్టారి పోస్టు చదివాక ఒక సంగతి చెప్పాలనిపించింది. విశాఖలో మా అక్కయ్యకు ఇల్లు ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవడానికి ఆఫ్రికా నుంచి వచ్చిన అబ్బాయి పై వాటా అడిగాడు. అతను అప్పటికి పదకొండు ఇళ్ళు తిరిగాడట. ఇల్లు ఖాళీగా ఉందని బోర్డు ఉన్నా ముఖం చూసి లేదన్నారు. అక్కయ్య ఇచ్చింది, కానీ అందరి దగ్గర రెండు నెలల అడ్వాన్సు తీసుకునేది, అతని దగ్గర అయిదు నెలలది అడిగింది. ఎందుకని నేను అడిగితే "ఏమో, భయం" అంది.

అతను మారు మాట్లాడకుండా కట్టాడు. విదేశీయుడు ఉంటే ఆ సంగతి ప్రభుత్వానికి తెలిపే ఫారం (అప్పట్లో ఫారం-సి) 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో ఇవ్వాలని అక్కయ్యకు తెలియదు. అతనే తన కాగితాలన్నీ తెచ్చి పక్కన కూర్చుని నింపించాడు. రెండేళ్ళు ఉన్నాడు, ఒక్క నెల అద్దె ఆలస్యం కాలేదు. మా చెల్లెలి కూతురు విదేశం వెళ్ళి, అక్కడ ఇల్లు ఇచ్చేవారు ఆమెను అనుమానంగా చూశారని ఏడుస్తూ ఫోను చేసిన రోజున, అక్కయ్య పై వాటాకు వెళ్ళి మూడు నెలల అడ్వాన్సు అతనికి తిరిగి ఇచ్చేసింది. ఏమీ చెప్పలేదట, కవరు చేతిలో పెట్టి వచ్చేసిందట.

చీపురుపల్లి చదువరి
జూలై 3, రాత్రి 9:00

నేను జనవరిలో కెనడా వెళ్ళాలనుకుంటున్నాను, ఒంటారియో రాష్ట్రానికి. ఇంటి యజమాని మొదటి నెల, చివరి నెల అద్దెతో పాటు పాడైన వస్తువుల పేరుతో ఇంకో 800 డాలర్లు అడుగుతున్నారు. ఇది మామూలేనా?

రాజాం రహదారి
జూలై 4, ఉదయం 6:45

తమ్ముడూ, మా అన్నయ్య టొరంటోలో ఉంటాడు, అడిగి రాస్తున్నాను. ఒంటారియోలో చివరి నెల అద్దెను మాత్రమే డిపాజిట్‌గా తీసుకోవచ్చు. పాడైన వస్తువుల కోసమని ముందే డబ్బు తీసుకోవడం అక్కడి చట్టం ఒప్పుకోదు. ఇవ్వనని మర్యాదగా చెప్పు. ఇంకో సంగతి, ఈ 2025 సెప్టెంబరు 1 నుంచి వీసాకు చూపించవలసిన జీవన వ్యయం 20,635 నుంచి 22,895 కెనడా డాలర్లకు పెరుగుతోంది. నువ్వు ఆ తర్వాత దరఖాస్తు పెడితే కొత్త లెక్క వర్తిస్తుంది.

తోటపాలెం తండ్రి
జూలై 6, రాత్రి 10:30

60,000 కట్టలేదు. అయిదో తేదీ దాటింది. ఫోనులు కూడా ఆగిపోయాయి.

మూడు రోజులుగా నేనూ మా ఆవిడా అబ్బాయీ కూర్చుని లెక్కలు వేశాం. నేను మాగ్డెబుర్గ్ అన్నాను. వాడు ఆ రెండు కోర్సుల్లో ఏయే పాఠాలు ఉన్నాయో ముద్రించి నా ముందు పెట్టాడు. వాడు చదవాలనుకున్నది స్టుట్‌గార్ట్‌లో ఉంది, రెండోచోట లేదు. రెండేళ్ళ ఫీజు 6,000 యూరోలు. అద్దె తేడా ఏడాదికి 3,000 పైన. మొత్తం మీద 12 లక్షలు అదనం. నా పదవీ విరమణ డబ్బులోంచి అవి ముందే తీసి పక్కన పెట్టాలని నిర్ణయించుకున్నాను. ఇది మంచి నిర్ణయమో కాదో తెలియదు. తెలిసి తీసుకుంటున్నాను, అంతే. వారం క్రితం అయితే తెలియకుండా తీసుకునేవాడిని, వాడు అక్కడ మధ్యలో చిక్కుకునేవాడు.

బొబ్బిలి వీణ
జూలై 6, రాత్రి 11:45

అలా అయితే ఇప్పటి నుంచే "ట్స్విషెన్‌మీటె" వెతకమనండి. అంటే మధ్యకాలపు అద్దె. ఇంటర్న్‌షిప్‌కో, సెలవులకో వెళ్ళే విద్యార్థులు రెండు మూడు నెలలకు తమ గదిని సామానుతో సహా ఇస్తారు. వసతి గృహంలో వంతు వచ్చేవరకు ఆ దారి నయం. చిరునామా నమోదుకు సంతకం ఇస్తారా అని మొదటి మెయిల్లోనే అడగాలి. ఇవ్వలేమంటే ఎంత చవకైనా వదిలేయాలి. స్టుట్‌గార్ట్‌లో మా బ్యాచి అబ్బాయి ఉన్నాడు కదా, గది ఏది దొరికినా తాను వెళ్ళి చూసి, వీడియో తీసి పంపుతానన్నాడు. మాస్టారు అడిగిన ఇళ్ళలో ఒకటి దొరికిందనుకోండి.

నాగావళి ఒడ్డు
జూలై 7, ఉదయం 6:10

వీణమ్మా, చల్లగా ఉండు తల్లీ.

తోటపాలెం తండ్రి
అక్టోబరు 8, ఉదయం 11:00

నిన్న పైడితల్లమ్మ సిరిమానోత్సవం. ఈ ఏడు మా ఇంట్లో ఒక మనిషి తక్కువ. అబ్బాయి వెళ్ళి రెండు వారాలైంది. జనంలో నిలబడి వాడికి ఫోనులో సిరిమాను చూపించాను. వాడు అప్పుడు తన గది వంటగదిలో ఉన్నాడు.

అందరికీ చెప్పవలసినవి చెబుతాను. డిసెంబరు చివరి వరకు మధ్యకాలపు గది దొరికింది, నెలకు 480 యూరోలు. ఆగస్టులో మూడు గదులు చూశాం. వీణ చెప్పిన అబ్బాయి మూడింటికీ వెళ్ళాడు. మొదటి చోట ఆ చిరునామాలో ఇల్లే లేదట, దుకాణం ఉందట. ప్రకటనలో అది అన్నిటికంటే చవక. రెండోవారు చిరునామా సంతకం ఇవ్వలేమన్నారు. మూడోది తీసుకున్నాం. డిపాజిట్ మూడు వాయిదాల్లో కడతామని అడిగితే గది ఇచ్చే అమ్మాయి ఆశ్చర్యపోయింది, కానీ ఒప్పుకుంది. చిరునామా నమోదు అయిపోయింది. రేడియో, టీవీల చందా అని నెలకు 18.36 యూరోలు కట్టమని ఉత్తరం వస్తుందని వీణ ముందే చెప్పింది. ఇంటికి ఒక్కరు కడితే చాలట, అక్కడ ముందు నుంచీ ఉన్న అమ్మాయి కడుతోంది, వీడు తన వాటా ఆమెకు ఇస్తాడు.

నిలుపుదల ఖాతా డబ్బు ఇంకా రాలేదు. కార్డులో వేసినదాంతో నడుస్తోంది. వసతి గృహం జాబితా నుంచి ఇప్పటికి రెండుసార్లు మెయిలు వచ్చింది, రెండుసార్లూ జవాబిచ్చాడు. ఎందుకైనా మంచిదని ఆ మెయిలు నాకూ వచ్చేటట్టు పెట్టించాను. జర్మన్ ముక్క రాదు గానీ, సంస్థ పేరు గుర్తుపడతాను.

పలాస జీడితోట
అక్టోబరు 8, రాత్రి 8:20

నమస్కారమండీ. ఈ చర్చ మొత్తం చదివాను. మా అమ్మాయికి ఏప్రిల్ సెమిస్టరుకు జర్మనీలో సీటు వస్తుందని అనుకుంటున్నాం. ఫలితం డిసెంబరులో వస్తుంది. అంతవరకు ఆగి ఆ తర్వాత గది చూసుకుంటే సరిపోతుందా?

తోటపాలెం తండ్రి
అక్టోబరు 8, రాత్రి 8:32

ఆగవద్దమ్మా. ఊరు ఏది? అక్కడి విద్యార్థి సేవా సంస్థ దరఖాస్తు ఇప్పుడే తెరిచి చూడండి, ప్రవేశ పత్రం లేకుండా తీసుకుంటారేమో. ఈ రాత్రి నేను మెలకువగానే ఉంటాను. ఎక్కడ ఆగిపోతే అక్కడ అడగండి.